కొల్లేటి హద్దు మార్చేముందు కొల్లేటి చరిత్ర చదవండి

గౌరవనీయులైన రాష్ట్ర వన్యప్రాణి మండలి సభ్యులకు, అటవీ, జలవనరుల, రెవెన్యూ, మత్స్య శాఖల ఉన్నతాధికారులకు, కొల్లేటి ప్రాంత ప్రజాప్రతినిధులకు,

నమస్కరించి చేసుకుంటున్న మనవి.

నేను కొల్లేటి లంక గ్రామంలో పుట్టి, ఈ చుట్టుపక్కల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 30 ఏళ్ళకు పైగా సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఊళ్ళో రెండు సందర్భాల్లో కొల్లేటి హద్దుల మాట వినిపిస్తూనే ఉంది. వరద వచ్చి ఇళ్ళలోకి నీళ్ళు చేరినప్పుడు ఒకసారి, ఎన్నికలు దగ్గర పడినప్పుడు మరొకసారి. కొల్లేటి అభయారణ్యం హద్దును ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు, అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత నుంచి 3 అడుగుల ఎత్తు గీతకు కుదించాలన్న డిమాండు మళ్ళీ బలంగా వినబడుతున్నందువల్ల, ఆ విషయంలో మాట చెల్లే మీ అందరికీ ఈ లేఖ బహిరంగంగా రాస్తున్నాను. నేను కోరేది ముఖ్యంగా ఒకటే. ఈ సరస్సు ఎలా ఏర్పడిందో, ఎవరి చేతుల్లో ఎలా మారిందో, ఏ ఏడాది నీరు ఎంతవరకు నిలిచిందో తెలిపే సమగ్రమైన భూచరిత్రను తెలుగులో తయారుచేయించి, లంక గ్రామాల గ్రామసభల ముందు ఉంచకుండా హద్దు రాయిని ఒక్క అడుగు కూడా కదపవద్దు.

ఈ కోరిక నాకు పుస్తకాల్లో నుంచి పుట్టలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక వేసవిలో మా ఊరి శివార్లలో పొక్లెయిన్‌తో ఒక చేపల చెరువును లోతు చేస్తుంటే, తొమ్మిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని చూపించడానికి తీసుకువెళ్ళాను. తెగిన మట్టి గోడలా నిలబడి ఉంది. పైన రెండు మూరల మేర గట్టు కోసం ఎత్తిపోసిన మన్ను, అందులో మేత బస్తాల చింపిరి ముక్కలు ఉన్నాయి. దాని కింద నల్లని బంకమట్టి, ఆ మట్టి నిండా వెంట్రుకల్లా అల్లుకుపోయిన కిక్కిస అనే రెల్లు జాతి గడ్డి వేళ్ళు. ఆ వేళ్ళను చేత్తో లాగితే తాళ్ళలా తెగకుండా వచ్చాయి. ఇంకా కిందికి, పొక్లెయిన్ తొట్టె ఆగిన చోట మట్టి రంగు బూడిద రంగులోకి మారింది, అందులో తెల్లగా గుల్లలు మెరుస్తున్నాయి. ఒక పిల్లవాడు గుప్పెడు గుల్లలు ఏరుకొచ్చి నా చేతిలో పోసి, "సముద్రం ఇంత దూరం ఎప్పుడొచ్చింది మాస్టారూ?" అని అడిగాడు. సముద్రం ఇక్కడికి రాలేదనీ, ఒకప్పుడు ఇక్కడే ఉండి తర్వాత వెనక్కి వెళ్ళిందనీ వాడికి చెప్పాను. ఆ గుల్లలు ఇప్పటికీ ఒక సీసాలో నా దగ్గర ఉన్నాయి.

సుమారు 6 వేల ఏళ్ళ క్రితం తీరరేఖ కొల్లేటి దక్షిణపు అంచుకు దగ్గరలో ఉండేదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. కైకలూరు, ఆకివీడు వరసలో కనబడే ఇసుక మేటలు ఆనాటి సముద్రపు ఒడ్డు మిగిల్చిన గుర్తులు. ఆ మేటల వెనుక చిక్కిన ఉప్పునీటి కయ్యకు ఒకవైపు నుంచి కృష్ణ, మరోవైపు నుంచి గోదావరి ఒండ్రు తెచ్చి పోసుకుంటూ తమ తమ డెల్టాలను సముద్రంలోకి పెంచుకుంటూ పోయాయి. నదులు తమ ఒడ్డులను ఎత్తు చేసుకుంటాయి గనుక ఆ రెండు ఎత్తుల నడుమ పల్లం పల్లంగానే మిగిలిపోయింది. తీరం ఇప్పుడు 35 కిలోమీటర్లకు అటు ఉంది. వేల ఏళ్ళ మీద ఉప్పునీరు మంచినీరుగా మారింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మెట్ట ప్రాంతాల వాననీటిని మోసుకొచ్చి ఇందులోనే దింపుతాయి. ఆ నీరంతా సముద్రానికి చేరడానికి ఉన్న దారి మాత్రం ఒక్కటే, సుమారు 62 కిలోమీటర్ల పొడవైన ఉప్పుటేరు. ఈ పల్లాన్ని ఎవరూ తవ్వలేదు, ఎవరూ కట్ట పోసి నిలపలేదు. రెండు పెద్ద నదుల నిర్మాణంలో భాగంగా ఏర్పడిన ఈ పల్లాన్ని పూడ్చితే, ఆ నీరు తనకు కావలసిన పల్లాన్ని వేరేచోట, మన ఊళ్ళలోనో పొలాల్లోనో వెతుక్కుంటుంది.

కొలను అన్న పేరు 12వ శతాబ్దం నాటికే ఒక రాజ్యానికి పేరయింది. చోళుల శాసనాల్లో కొలనుకు చెందిన తెలుగు భీముని ప్రస్తావన ఉంది. తర్వాత గజపతుల కాలానికి ముడిపెట్టి మా ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. కొల్లేటికోటలో ఉన్న లాంగూల గజపతిని పట్టుకోవడానికి శత్రువు ఒడ్డున చిగురుకోటలో దిగాడట. చుట్టూ నీరుండగా కోట చిక్కదని గ్రహించి, నీటిని సముద్రంలోకి దింపడానికి ఉప్పుటేటి దారిలో కాలువ తవ్వించాడట. అప్పుడు గజపతి సేనాని తన కూతుర్నే బలి ఇచ్చాడనీ, అందుకే ఆ కాలువకు పేరంటాళ్ళ కనుమ అని పేరు వచ్చిందనీ అంటారు. ఇది ఐతిహ్యమే, చరిత్రగా దీన్ని మీ ముందు పెట్టడం లేదు. అయితే ఈ కథ కట్టినవారికి ఒక సంగతి స్పష్టంగా తెలుసు. కొల్లేటి మట్టం ఎంత ఉండాలో నిర్ణయించేది ఉప్పుటేరే. ఆ సంగతిని ఇప్పటి దస్త్రాల్లో మనం ఎన్నిసార్లు మరిచిపోయామో లెక్కలేదు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వచ్చే వేలమందిలో చాలామందికి ఈ కథ తెలుసు. తమ పూర్వీకులు గజపతుల సైన్యంతో వచ్చి ఇక్కడే నిలిచిపోయారని ఇక్కడి మత్స్యకారులైన వడ్డి కులస్థులు చెప్పుకుంటారు. సరస్సు మీద వారి హక్కు ఏ జీవో కన్నా పాతది.

ఈ సరస్సు రూపాన్ని తిరగరాసిన మొదటి పెద్ద సంఘటన ఆనకట్టల నిర్మాణం. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి పూర్తయిన విజయవాడ ఆనకట్ట డెల్టాను అన్నపూర్ణగా మార్చాయి. కాటన్ దొర విగ్రహానికి మా జిల్లాల్లో ఈనాటికీ పూలదండలు పడుతున్నాయి, ఆ గౌరవం న్యాయమైనదే. కానీ పొలానికి నీరు పెట్టే కాలువ తవ్వినవారు పొలం నుంచి నీరు పోయే దారి గురించి అంతే శ్రద్ధ పెట్టలేదు. సార్వా, దాళ్వా అనే రెండు వరి పంటలకు కాలువల్లో వచ్చిన నీరు చేలు తడిపి, మురుగు కాలువల ద్వారా కొల్లేటికి చేరసాగింది. అంతకు ముందు వర్షాకాలంలో నిండి వేసవిలో తగ్గుతూ ఊపిరి తీసుకున్నట్టుండే సరస్సు, ఏడాది పొడవునా రెండు డెల్టాల మురుగును మోయవలసిన తొట్టి అయింది. అరవైకి పైగా కాలువలు, డ్రెయిన్లు నేడు ఇందులో కలుస్తున్నాయి, బయటికి పోయే దారి మాత్రం అప్పటి ఒక్కటే. దానిమీద గుడివాడ–భీమవరం రైలు మార్గం వంతెన వచ్చింది, తర్వాత సరస్సు అడ్డంగా ఏలూరు–కైకలూరు రోడ్డు వచ్చింది, ఉప్పుటేటికి అడ్డంగా చేపలు పట్టే వలకట్లు వచ్చాయి. ఒక్కొక్కటీ చిన్నదిగానే కనబడుతుంది. వర్షాకాలంలో పెదయడ్లగాడి వంతెన దగ్గర నిలబడి చూసినవారికి అన్నీ కలిసి ఏం చేశాయో కనబడుతుంది. తూముల ముందు గుర్రపుడెక్క చాపలా పరుచుకుని, దాని వెనుక నీరు ఎటు పోవాలో తెలియక పొంగుతూ ఉంటుంది.

1964 వరదలు డెల్టాను ముంచినప్పుడు ఈ సంగతి ప్రభుత్వానికి బోధపడింది. ముంపు సమస్యను పరిశీలించడానికి మిత్రా కమిటీ వేశారు. డ్రెయిన్లు బాగు చేయడానికని 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం చేశారు, రైతులు ఏళ్ళ తరబడి ఆ సెస్సు కట్టారు. కొల్లేరును, ఉప్పుటేరును, డ్రెయిన్లను ఒకే వ్యవస్థగా చూడాలన్న ఎరుక ఆనాడే ఉంది. అయితే పదేళ్ళు తిరగకుండానే అదే ప్రభుత్వం మరో దారి పట్టింది. 1976లో కొల్లేటి భూములను పేద మత్స్యకారుల, రైతుల సహకార సంఘాలకు కేటాయించారు. ఉద్దేశం మంచిదే, అప్పట్లో మా లంకల్లో కూడు లేని రోజులు చాలా ఉండేవి. గట్లు వేసి వరి పండించుకోమన్నారు. రెండు మూడు వరదలకు ఆ వరి కొట్టుకుపోయింది. అప్పుడు ఆ గట్లలోకే చేపలు వచ్చాయి.

ఇక్కడ నా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా నాన్నగారికి ఒక సంఘంలో వాటా ఉండేది. వాటా అంటే కాగితం మీద పేరు, ఏడాదికి ఒకసారి చేతికొచ్చే కొంత సొమ్ము. చెరువు తవ్వడానికి పెట్టుబడి సంఘం దగ్గర లేదు, బయటి నుంచి పెట్టుబడి పెట్టేవారు వచ్చి లీజుకు తీసుకున్నారు. మా నాన్నగారు కాగితం మీద వేలిముద్ర వేసిన రెండో ఏడు నుంచి, తన వాటా ఉన్న ఆ చెరువు గట్టు మీదే రాత్రి కావలివాడిగా పనికి కుదిరారు. చేతిలో టార్చిలైటు, భుజాన గొంగళి, నెలకింత అని జీతం. దొంగతనంగా వల వేసేవారిని పట్టుకోవడం ఆయన పని. అలా పట్టుబడేవారిలో ఎక్కువమంది ఆయన చిన్ననాటి స్నేహితులే, తాటి దోనెల మీద ఆయనతో కలిసి మావులు (వెదురుతో అల్లిన చేపల బుట్టలు) పెట్టి కొర్రమీనులు, మట్టగిడసలు పట్టినవారే. ఆ మాట ఆయన ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు. ఆయన పోయాక సంఘం పుస్తకంలో పేరు మార్పించుకోవడానికి నేను వెళ్ళినప్పుడే ఇదంతా నాకు పూర్తిగా అర్థమయింది. నేను ఏ వ్యక్తి మీదా ఫిర్యాదు చేయడానికి ఇది రాయడం లేదు. పేదల కోసమని చేసిన పంపిణీ ఏ దారిన వెళ్ళి ఎక్కడ తేలిందో ప్రతి లంకలో ఇలాంటి ఇల్లు ఒకటి చెబుతుంది. మీరు రాయించబోయే చరిత్రలో ఈ అధ్యాయం ఉండాలి.

1980ల తర్వాత ఏం జరిగిందో ఆకాశం నుంచి తీసిన చిత్రాలే చెబుతాయి. 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రాన్ని చదివిన ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు సరస్సు లోపల 1,050 చేపల చెరువులను లెక్కపెట్టారు, వాటి విస్తీర్ణమే దాదాపు 100 చదరపు కిలోమీటర్లు. ఈ చిత్రం నాటికి సరస్సు అభయారణ్యం కూడా అయింది. 1999 అక్టోబరులో 120వ నంబరు జీవోతో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్సార్ జాబితాలో చేర్చారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద చెరువుల గట్లు తెగ్గొట్టిన రోజులు ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేరు. ఆ పేలుళ్ళ చప్పుడు మా బడి కిటికీల దాకా వినబడేది. కొన్ని నెలల పాటు నేల నుంచి ఆకాశం దాకా నీరే కనబడిన దృశ్యం నా జీవితంలో మళ్ళీ చూడలేదు. తర్వాత గట్లు ఎలా తిరిగి లేచాయో మీ శాఖల దస్త్రాల్లోనే ఉంది గనుక ఇక్కడ వివరించను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మూడో కాంటూరు, ఐదో కాంటూరు అంటే సముద్ర మట్టానికి 3 అడుగులు, 5 అడుగుల ఎత్తున గీసిన గీతలు. వినడానికి రెండడుగుల తేడాయే. కానీ కొల్లేరు పళ్ళెం లాంటిది, అంచు ఎంత మాత్రం నిటారుగా లేదు. మూడో కాంటూరు వరకు నీరుంటే సరస్సు విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు. ఐదుకు చేరితే 308. ఏడుకు చేరితే 675. పదికి చేరితే 901. రామ్సార్ ఒప్పందం కింద ప్రపంచానికి మనం మాట ఇచ్చిన విస్తీర్ణం ఈ 901 చదరపు కిలోమీటర్లే. అంటే ప్రపంచానికి చూపించిన సరస్సులో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే చట్టపు రక్షణ ఉంది. ఇప్పుడు ఆ మూడో వంతులో కూడా సగానికి పైగా వదిలేయమంటున్నారు. మూడో కాంటూరు అన్నది వేసవి చివర, వానలు పడకముందు సరస్సు కుంచించుకుపోయి మిగిలే హద్దు. జబ్బుపడి చిక్కిన మనిషి కొలతలు తీసుకుని, జీవితాంతం అతను అదే కొలతల చొక్కా తొడుక్కోవాలనడం ఎంత అన్యాయమో, సరస్సు విషయంలో ఇది కూడా అంతే అన్యాయం.

2008లో శాసనసభ ఈ కుదింపు కోరుతూ తీర్మానం చేసింది. దాని మీద కేంద్రం సలీం అలీ పక్షిశాస్త్ర, ప్రకృతి అధ్యయన కేంద్రానికి చెందిన పి.ఎ. అజీజ్ నేతృత్వంలో వేసిన కమిటీ కుదించవద్దని చెప్పింది, జిరాయితీ రైతులకు, అంటే సొంత పట్టా భూమి ఉన్నవారికి, పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. మొదటి మాట పట్టుకున్నవారు రెండో మాట మరిచారు, రెండో మాట కావలసినవారు మొదటి దాన్ని తిట్టారు. నాకు ఈ రెండు మాటలూ విడదీయరానివిగా కనబడతాయి. ఐదో కాంటూరు లోపల వేల ఎకరాల జిరాయితీ భూమి ఉంది. తాతల నాటి నుంచి శిస్తు కట్టిన పట్టాదారు తన చేనులో తాను ఏం చేసుకోవచ్చో, ఏం చేసుకోకూడదో తెలియక, అమ్ముకోవడానికి వీల్లేక, పరిహారం రాక పాతికేళ్ళు గడిపాడు. అతడి కోపంలో న్యాయం ఉంది. ఆ కోపాన్ని చూపించి, ప్రభుత్వ భూమిలో వందల ఎకరాల చెరువులు తవ్వినవారు లాభపడటంలో మాత్రం న్యాయం లేదు. పట్టాదారు, సంప్రదాయ మత్స్యకారుడు, బయటి పెట్టుబడిదారు అనే ముగ్గురినీ ఒకే గాటన కట్టి "కొల్లేటి ప్రజల కోరిక" అని రాసిన ఏ నివేదికనైనా దయచేసి వెనక్కి పంపండి.

పక్షుల సంగతి అందరూ చివర ఒక వాక్యంలో ముగిస్తారు, నేను అలా చేయలేను. 1940ల్లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి ప్రేమికుడు పశ్చిమ గోదావరిలోని ఆరేడు అనే గ్రామంలో ఊరి చెట్ల మీద వేల గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కట్టుకున్న విషయం నమోదు చేశారు. ఊరివాళ్ళు వాటిని కదిలించేవారు కారు. 1970లు వచ్చేసరికి ఆ స్థావరం ఖాళీ అయింది. గూడబాతుకు గూడు ఊళ్ళో ఉన్నా తిండి కొల్లేట్లోనే ఉండాలి. లోతు తక్కువ నీరు, అందులో చిన్న చేప, మధ్యమధ్య కిక్కిస పొదలు, ఇవన్నీ ఉండేది ప్రధానంగా మూడో కాంటూరుకు, ఐదో కాంటూరుకు నడుమ ఉన్న ఆ అంచు నేలలోనే. నడుము లోతుకు తవ్విన చెరువులో, నైలాను వల పరిచిన నీటిలో వాటికి తిండి దొరకదు. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో అవి మళ్ళీ గూళ్ళు కడుతున్నాయి. చెట్లు చాలక అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా పిల్లలను పెంచుతున్నాయి. శీతాకాలంలో సెలవు రోజున పడవ ఎక్కి చూడటానికి కుటుంబాలు వస్తాయి. ఆ ఇనుప స్టాండు మీద తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చి తిండి లాక్కునే పిల్లను చూసినప్పుడల్లా, అది ఎంత మొండిగా ఇక్కడే ఉండాలనుకుంటోందో అని నా కళ్ళు చెమరుస్తాయి.

కొల్లేరు లంకలవారి సొంత విషయం అనుకునేవారికి 2024 సెప్టెంబరు గుర్తుచేస్తాను. బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాల్లో లక్షలమంది నీటిలో ఉండిపోయారు. ఆ విపత్తుకు కారణాలు చాలా ఉన్నాయి, అన్నిటినీ కొల్లేటి మీద వేయడం సరికాదు. కానీ వెలగలేరు దగ్గర కృష్ణలోకి మళ్ళించగా మిగిలిన బుడమేటి నీరు చివరికి రావలసింది ఇక్కడికే. ఆ వారాల్లో నగరంలో నీరు తగ్గుతున్నదన్న వార్త విని అందరూ ఊపిరి పీల్చుకుంటుంటే, మా లంకల్లో మట్టం పెరుగుతూ వచ్చింది, రోడ్లు మునిగాయి, పాలు, మందులు పడవల్లో తెచ్చుకున్నాం. పల్లాన్ని చెరువుల గట్లతో గదులు గదులుగా కట్టేశాక, వచ్చిన నీరు పరుచుకోవడానికి చోటు లేక పైకి లేస్తుంది. మూడో కాంటూరుకు హద్దు జరిపితే ఆ గట్లకు చట్టబద్ధత వస్తుంది గానీ వరద ఆ జీవో చదివి ఆగదు.

అందువల్ల నా మనవిని కాస్త వివరంగా చెబుతాను. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు, రెవెన్యూ శాఖ వద్ద ఉన్న గ్రామ పటాలు, ఏ భూమిలో ఏ పంట ఉందో రాసే అడంగళ్ళు, నీటి మట్టం రాసిపెట్టే డ్రైనేజీ శాఖ గేజి రిజిస్టర్లు, ఉపగ్రహ చిత్రాలు, వీటన్నిటినీ ఒకచోట చేర్చి కొల్లేటి భూచరిత్ర రాయించండి. రాసేవారిలో భూగర్భ శాస్త్రజ్ఞుడితో పాటు వలకట్టు వేయడం తెలిసిన వడ్డి పెద్ద ఒకరు, దాళ్వా పండించిన రైతు ఒకరు కూర్చోవాలి. ఏ ఏడాది ఏ నెలలో నీరు ఏ మట్టాన ఉన్నదో గ్రామం పేరుతో సహా అందులో ఉండాలి. ఆ పుస్తకాన్ని సరస్సు లోపలి 46 గ్రామాల్లో, అంచున ఉన్న 76 గ్రామాల్లో గ్రామసభలో చదివి వినిపించండి. మూడు, ఐదు, ఏడో కాంటూర్లు ఎక్కడెక్కడ పోతాయో నేల మీద రాళ్ళు పాతించండి, ఎందుకంటే ఈ గీతల గురించి ఆవేశంగా మాట్లాడేవారిలో చాలామంది అవి తమ ఇంటికి ఎటువైపు ఉన్నాయో ఇంతవరకు చూడలేదు. జిరాయితీ రైతులకు పరిహారమో, ఏటా కౌలులాంటి చెల్లింపో తేల్చండి, అది తేలనిదే ఎవరూ మీ మాట నమ్మరు. సంప్రదాయ మత్స్యకారులు వలలతో, మావులతో చేపలు పట్టుకునే హక్కును కాగితం మీద రాసి వారి చేతికివ్వండి.

ఉప్పుటేటి మీద మూడు చోట్ల రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన కొన్నేళ్ళుగా ఉంది. ఎండాకాలంలో సముద్రపు పోటుకు ఉప్పునీరు ఏటి వెంట పైకి ఎక్కివస్తోంది గనుక వాటి అవసరం కాదనలేనిది. కానీ ఆ తలుపులు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో నిర్ణయించే చోట చేపల చెరువుల యజమానుల మాట ఒక్కటే చెల్లితే, సరస్సును కాపాడటానికని కట్టింది సరస్సు గొంతు మీద చెయ్యి వేస్తుంది. మట్టాన్ని నిర్ణయించే నియమం కూడా ఆ భూచరిత్రలో నుంచే రావాలి. జూన్‌లో ఎంత, అక్టోబరులో ఎంత, మార్చిలో ఎంత అని పాత గేజి రిజిస్టర్లే చెబుతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు తప్పనిసరి. ఆ మండలి ముందుకు వెళ్ళే దస్త్రంలో ఈ చరిత్ర లేకపోతే అక్కడ కూర్చున్నవారికి కనబడేది రెండు అంకెలు మాత్రమే.

ఈ పనికి నా వంతుగా ఇవ్వగలిగింది కొంచెమే. మా బడిలో 11 ఏళ్ళ పాటు ప్రతి నెల మొదటి సోమవారం పిల్లలు ఊరి రేవుకు వెళ్ళి నీరు ఎన్నో మెట్టు దగ్గర ఉందో చూసి ఒక పుస్తకంలో రాసేవారు. ఒక్కో ఏడాది చేతిరాత మారుతుంది, మెట్ల లెక్క మారదు. కొన్ని నెలల్లో "మెట్లు కనబడలేదు" అని మాత్రమే ఉంది. ఆ పుస్తకం, ఆ గుల్లల సీసా నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీరు నియమించే బృందం కొల్లేటికి ఏ రోజు వస్తే ఆ రోజు పెదయడ్లగాడి వంతెన దగ్గరికి రెండూ పట్టుకుని వస్తాను.

భవదీయుడు,
కొల్లేటి లంక గ్రామ నివాసి,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు